అమ్మ నొక్కే బెల్లు

మా స్కూల్లో సైన్సు గది అనేది ఒకటుందని నేను చేరిన చాలాకాలానికి గానీ తెలియలేదు. తలుపు ఉంది, తలుపుకి తాళం ఉంది, ఆ తాళంచెవి పెద్దసారు బల్ల సొరుగులో ఉంది. పెద్దసారంటే మా హెడ్మాస్టరు. ఆ గది ఎందుకు తియ్యరని అడిగితే, "తీస్తే పిల్లలు వస్తువులు పాడు చేస్తారు టీచర్" అన్నారు. పట్టుబట్టి తీయించాను. పిల్లల సాయం అక్కర్లేకుండానే అన్నీ పాడైపోయి ఉన్నాయి. అయస్కాంతాలు తుప్పు పట్టాయి, వైర్లు ఎలుకలు కొరికాయి, త్రాసుకి ఒకే పళ్లెం మిగిలింది. నాకు ఒళ్లు మండింది. నాకు ఒళ్లు మండటం వింతేమీ కాదు, మా ఇంట్లోవాళ్లకి అలవాటే. కాకపోతే ఈసారి ఆ మంట ఒక పనికి ఉపయోగపడింది.

మా పిల్లలు విద్యుత్ వలయం అంటే ఏమిటో కళ్లు మూసుకుని అప్పజెప్పేవాళ్లు. ఒక సెల్లు, ఒక బల్బు, ఒక వైరు చేతికిచ్చి వెలిగించమంటే మాత్రం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చివరికి ఒక పిల్లాడు ఎలాగో వెలిగించాడు. క్లాసంతా పెట్టిన కేకకి పక్క గదిలోంచి లెక్కల మాస్టారు కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చారు, ఎవరో కొట్టుకుంటున్నారనుకుని. ఆ రోజు నుంచి పుస్తకం పక్కన పెట్టేశాను. "అడగనిదే అమ్మయినా పెట్టదు, మీరు నన్ను అడగండి" అని చెప్పాను. అందరికీ ఒకే పని ఇచ్చాను. ఇంట్లో ఎవరికో ఏదో ఇబ్బంది ఉంటుంది, దాన్ని కనిపెట్టాలి, దానికో యంత్రం చెయ్యాలి. కొనకూడదు, చెయ్యాలి.

ఇక చూడాలి వాళ్ల తెలివితేటలు. ఒకమ్మాయి బిస్కెట్ల డబ్బా మూత తీస్తే గుయ్యిమనే యంత్రం చేసింది, తమ్ముణ్ని పట్టుకోవడానికి. ఆ తమ్ముడు మా స్కూల్లోనే కింది క్లాసులో ఉన్నాడు. వాడు నా దగ్గరికొచ్చి, మూత తీసినా మోగకుండా ఉండాలంటే ఏం చెయ్యాలని అడిగాడు. ఇంకొకడు వాళ్ల నాన్న గురక ఆపే యంత్రం అన్నాడు. తీరా చూస్తే తలగడకి తాడు కట్టి లాగడమే. నవ్వలేక చచ్చాను. అయినా, అంతకుముందు బెంచీల మీద తలలు వాల్చి పడుకునే పిల్లలు ఇప్పుడు గంట కొట్టినా ఇళ్లకి వెళ్లడం లేదు. నాకు గర్వంగా ఉండేది. దాచుకోలేదు కూడా, టీచర్ల గదిలో అందరి చెవులూ చిల్లులు పడేలా చెప్పుకున్నాను.

ఆ క్లాసులో చివరి బెంచీలో ఒక పిల్ల ఉండేది. పొద్దున వస్తే మధ్యాహ్నం ఉండదు, మధ్యాహ్నం వస్తే పొద్దున ఉండదు. అందుకని పిల్లలు 'సగంపూట' అని పేరు పెట్టారు. నేనూ ఒకటి రెండుసార్లు గట్టిగానే కేకలేశాను. తల వంచుకుని నిలబడేదే తప్ప కారణం చెప్పేది కాదు. ఒకరోజు అందరూ వెళ్లిపోయాక నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"టీచర్, గట్టిగా నొక్కలేనివాళ్లు నొక్కినా మోగే బెల్లు చెయ్యొచ్చా?"

ఆ పిల్ల నోటి నుంచి నేను విన్న మొదటి పూర్తి వాక్యం అది.

"ఎవరికి?" అన్నాను.

"మా అమ్మకి."

అప్పుడు చెప్పింది. వాళ్లమ్మకి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట కూడా పోయింది. ఎడమ చెయ్యి కదులుతుంది గానీ బలం లేదు. నాన్న లారీ డ్రైవరు, వెళ్తే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. ఇంట్లో ఇంకెవరూ లేరు. అందుకే ఈ పిల్ల క్లాసు మధ్యలో లేచి ఇంటికి పరుగెత్తేది, నీళ్లు పట్టడానికి, పక్కకి తిప్పడానికి, ఒళ్లు తుడవడానికి. ఏమీ అక్కర్లేని రోజున కూడా పరుగెత్తేది, అక్కర్లేదని వెళ్తే గానీ తెలియదు కాబట్టి.

"ఎదురింటి టైలరత్త చూస్తానంది టీచర్. అమ్మకి ఏదన్నా కావాలంటే వెళ్తుందంట. కానీ అమ్మ పిలిచినా అత్తకి వినపడదు కదా, మాట రాదుగా. బెల్లుంటే చాలు. నేను స్కూల్లో ఉండొచ్చు."

బెల్లుంటే చాలు. నాకూ అలాగే అనిపించింది. ఇన్నాళ్లూ నేను ఇచ్చిన పనికి అసలైన జవాబు ఇదే కదా అని పొంగిపోయాను.

పని మొదలుపెట్టాం. రెండు అట్టముక్కల మీద మందుబిళ్లల రేకులు విప్పి అంటించింది. ఆ ఇంట్లో వాటికి కొదవ లేదు. రెండింటి మధ్య పాత చెప్పు మెత్త కోసి, మధ్యలో చిల్లు పెట్టి ఇరికించింది. పైఅట్ట నొక్కితే చిల్లులోంచి రేకూ రేకూ తగులుతాయి, బెల్లు మోగుతుంది. చెప్పడానికి ఇంతే. మెత్త మందమైతే అమ్మ బలానికి తగలదు, పలచనైతే ఒకసారి తగిలింది విడిపోదు, బెల్లు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ఎన్ని చెప్పులు కోసిందో. తన కుడిచేతిని ఒడిలో పడేసి, ఎడమచేతిని కూడా వాళ్లమ్మ చేతిలా వడిలిపోయినట్టు చేసి, రెండు వేళ్లు ఈడ్చుకుంటూ తెచ్చి ఆ అట్ట మీద పెట్టి చూసేది. మోగకపోతే మళ్లీ కోసేది. అలా నొక్కుతున్నప్పుడు నేను ఆ పిల్ల ముఖం వైపు చూడలేకపోయేదాన్ని.

మోగిన రోజున మిగతా పిల్లలు పనులాపి చప్పట్లు కొట్టారు. గురక యంత్రం వాడయితే బల్లెక్కి దూకాడు. అట్ట తడిస్తే ఏమవుతుందో చూశాం. సెల్లు నీరసిస్తే ఎంత చిన్నగా మోగుతుందో చూశాం. కుట్టుమిషను చప్పుడులో వినపడుతుందా లేదా అని పక్క గదిలో పిల్లలచేత బల్లలు బాదించి మరీ చూశాం. ఒక ఆదివారం నేనే వెళ్లి, బట్టల తీగ వెంట వైరు కట్టి, సందుకి ఈ పక్క మంచం నుంచి ఆ పక్క టైలరు కొట్టు దాకా లాగించాను. టైలరమ్మ మనసున్న మనిషి. "ఇదెంత పని టీచరుగారూ, పిలిస్తే రెండడుగులేగా" అంది. లారీ తండ్రి ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. ఆ బెల్లు తనే నొక్కి నొక్కి చూసుకున్నాడు.

సగంపూట నిండుపూట అయింది. ఏ పనైనా చేతికి వస్తే వదలని పిల్ల అని అప్పుడు తెలిసింది. రాగితీగ చుట్టి చిన్న మోటారు చేసింది. తిరగని మోటార్లన్నీ ఆమె దగ్గరికే వచ్చేవి. మా గదిలో ఫ్యాను ఆగిపోతే నా వైపు కాదు, ఆమె వైపు చూసేవాళ్లు. ఒకరోజు "టీచర్, ఇవన్నీ చదివేవాళ్లు పెద్దయ్యాక ఏం పని చేస్తారు?" అని అడిగింది. నేను చెప్తుంటే నోరు కొంచెం తెరుచుకుని వింది. పెద్దసారు మాత్రం హాజరు చూసి పెదవి విరిచారు. "ఇక నుంచి సక్రమంగా వచ్చి పరీక్ష రాస్తే పై క్లాసుకి పంపుతాను టీచర్. మళ్లీ మొదటికొస్తే పేరు తీసెయ్యక తప్పదు, నా చేతుల్లో లేదు" అన్నారు. సంగతి ఆ పిల్లకి చెప్పాను. "వస్తా టీచర్" అంది, అదేమంత పెద్ద విషయం అన్నట్టు.

ఆ తర్వాత మళ్లీ రావడం మానేసింది.

ముందు ఒకపూట, తర్వాత రెండు. అడిగితే చెప్పదు. నా కోపం ఊరుకుంటుందా? స్కూలు వదలగానే తిన్నగా టైలరు కొట్టుకి వెళ్లాను. వైరు ఊడదీసి, చుట్టగా చుట్టి, గోడమేకుకి తగిలించి ఉంది.

"ఇదేంటండీ? చిన్నపిల్ల జీవితం అండీ ఇది! మాటిచ్చి ఇలా చేస్తే ఎలా?" అని అరిచాను.

టైలరమ్మ మిషను ఆపింది. నా మీద అరవలేదు. అరిస్తే బాగుండేది.

"కూర్చోండి టీచరుగారూ. నేను చెడ్డదాన్ని కాదు. మొదటిసారి మోగితే పరుగెత్తా. నీళ్లనుకున్నా, తాగలేదు. పక్కకి తిప్పా. సరేనని వచ్చి మిషను మీద కాలు పెట్టానో లేదో మళ్లీ మోగింది. వెళ్లా. ఏం కావాలక్కా అంటే చూస్తది, అంతే. వచ్చి కూర్చుంటే మళ్లీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే. నడుములు విరిగిపోయినయ్. ఇస్త్రీ పెట్టె కోటు మీద వదిలేసి పరుగెత్తితే కోటు కాలిపోయింది, ఆ కోటాయన నోటికొచ్చినట్టు తిట్టాడు. అయినా వెళ్లా. ఆ కళ్లు చూస్తే రాబుద్ధి కాదు, రాకపోతే నా ఇల్లు గడవదు. మోగుతుంటే వెళ్లకుండా కూర్చుంటే పాపం అనిపిస్తది. అందుకే తీసేశా. వినపడకపోతే నేనెలాగో బతకగలను."

మాట పోయిన మనిషికి మేం మాట ఇచ్చాం. ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. అంతే జరిగింది. అన్నీ పరీక్షించి చూశాం గానీ, ఆ గదిలో రోజంతా ఒక్కతే పడుకుని ఉండి చూడాలని మాకు తట్టలేదు.

నేను ఊరుకునే రకం కాదు. యంత్రంలో లోపం ఉందన్నాను. ఒకే బెల్లయితే దేనికి పిలుస్తున్నారో ఎలా తెలుస్తుంది? మూడు అట్టలు పెడదాం. నీళ్లకి ఒక రంగు బల్బు, పక్కకి తిప్పడానికి ఒకటి, నిజంగా కష్టంగా ఉంటే ఎర్రది. ఎర్రది వెలిగితేనే టైలరమ్మ తప్పకుండా రావాలి. ఆమెను బతిమాలి ఒప్పించాను. పిల్ల నేను చెప్పినట్టే చేసింది. చక్కగా చేసింది కూడా, ఏ అట్టకి ఏ రంగో వాళ్లమ్మకి తెలిసేలా ఆ రంగు గుడ్డలే కుట్టింది. వాళ్లమ్మ మూడూ చూసింది. మూడూ నొక్కింది. మర్నాడంతా మూడు రంగులూ వెలుగుతూనే ఉన్నాయట. టైలరమ్మ ఈసారి వైరు తియ్యలేదు, కొట్టే ఇంకో సందులోకి మార్చుకుంది.

"నే చెప్దామనుకున్నా టీచర్" అంది పిల్ల. "మీరు అంత ఇష్టంగా చేస్తుంటే చెప్పలేకపోయా."

"ఏం చెప్దామనుకున్నావ్?"

"అమ్మకి ఏమీ అక్కర్లేదు టీచర్. నేనున్నానా లేదా అని, అంతే."

తెలిసినవాళ్లందరినీ సాయం అడిగాను. పెద్దసారు, "మనం నడిపేది స్కూలు టీచర్, ఆసుపత్రి కాదు" అన్నారు. కటువుగా అనలేదు, కళ్లజోడు తుడుచుకుంటూ నెమ్మదిగానే అన్నారు. తండ్రికి ఫోన్ చేశాను. వెనక లారీ హోరు. "నేను ఇంట్లో కూర్చుంటే మందులెవరు తెస్తారు టీచర్?" అన్నాడు. "బెల్లు పని చేస్తలేదా?" అని అడిగాడు. పని చేస్తోందని చెప్పాను. ఒక్కరైనా చెడ్డవాళ్లు దొరికితే బాగుండునని ఎంత అనుకున్నానో. అరిచి, దెబ్బలాడి ఏదో ఒకటి సాధించుకునేదాన్ని. నాకు వచ్చిన విద్య అదొక్కటే. కోపం ఉంది గానీ దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు.

పరీక్ష రోజు రానే వచ్చింది. సైన్సు పరీక్ష, ప్రయోగాలతో సహా. ఆ పిల్ల రాసి తీరాలి, రాయకపోతే పేరు పోతుంది. నేను సెలవు పెట్టాను. పరీక్ష లెక్కల మాస్టారికి అప్పజెప్పి, వాళ్లమ్మ దగ్గర నేనే కూర్చుంటానని చెప్పాను. పిల్ల ముఖం వెలిగింది. నీళ్లు చెంచాతో ఎలా పట్టాలో, తల కింద దిండు ఎలా సర్దాలో అన్నీ చేసి చూపించింది. వాళ్లమ్మ చెవి దగ్గర వంగి, "పరీక్ష రాసి వచ్చేస్తానమ్మా, టీచర్ ఉంటారు" అంది. మూడు అట్టల హంగామా తీసేసి పాత ఒంటి అట్టే మళ్లీ పెట్టింది. టైలరు కొట్టు పోయాక బెల్లు వంటింటి గూట్లోకి వచ్చి చేరింది.

ఆ పిల్ల అడుగుల చప్పుడు సందు చివర వినపడకుండా పోయింది. బెల్లు మోగింది.

నీళ్లు పట్టబోయాను, పెదవులు బిగించింది. దిండు సర్దాను. పక్కకి తిప్పాను. కిటికీ తెరిచాను, మూశాను. వంటింట్లోకి వెళ్తే మోగుతోందేమో అని కుర్చీ మంచానికి ఆనించి వేసుకుని పక్కనే కూర్చున్నాను. నన్ను చూస్తూనే నొక్కింది. చూస్తోందనుకున్నాను గానీ, చూపు నా మీద లేదు, నా భుజం మీదుగా తలుపు మీద ఉంది. ఆ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. కాసేపు ఉంచి, నెమ్మదిగా విడిపించుకుని, వేళ్లు దుప్పటి మీద ఈడ్చుకుంటూ వెళ్లి మళ్లీ అట్ట మీద పెట్టింది. సరిగ్గా వాళ్లమ్మాయి మా గదిలో చేసి చూపించినట్టే.

"ఒక్కపూట ఓర్చుకోండమ్మా" అన్నాను. "మీ అమ్మాయి కోసమే కదా. బాగా చదివే పిల్ల. ఏదన్నా అవుతుంది." నా గొంతు పెరిగింది. మాట రాని మనిషితో గొంతు పెంచి వాదిస్తున్నాను. ఆమె నోరు తెరిచింది. ఒక శబ్దం వచ్చింది, మాట కాదు. తనకే అది నచ్చనట్టు నోరు మూసుకుంది. ఎడమ కంట్లోంచి నీళ్లు చెవిలోకి కారాయి. తుడిచాను. బెల్లు మోగింది.

అన్నీ అర్థమవుతున్నాయి ఆమెకి. కూతురు చదువుకోవాలని ఆమెకీ ఉండే ఉంటుంది. చెయ్యే వినడం లేదు.

మోగి మోగి బెల్లు సన్నబడింది. దోమ గొంతులా అయి, ఆ తర్వాత అదీ ఆగిపోయింది. సెల్లు అయిపోయింది. ఆమె నొక్కడం ఆపలేదు. రేకూ రేకూ తగులుతున్న చిన్న చప్పుడు మాత్రం వినపడుతోంది. నా సంచిలో కొత్త సెల్లులున్నాయి, సైన్సు టీచరు సంచిలో ఉండేవి అవే. చెయ్యి పెట్టి ఒకటి తీశాను, మళ్లీ లోపల వేశాను. సెల్లు వేస్తే మోగుతుంది, వెయ్యకపోతే మోగకుండా నొక్కుతూనే ఉంటుంది. ఇంతకాలం పాఠాలు చెప్పినదాన్ని, ఆ రెండింట్లో ఏది మంచిదో తేల్చుకోలేక సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో పరీక్ష అట్టా పెన్నూ, ముఖమంతా చెమట.

"టీచర్! మోటారే ఇచ్చారు! అందరికంటే ముందు నాదే తిరిగింది! మాస్టారు రెండుసార్లు తిప్పించుకుని చూశారు!"

మంచం మీద చెయ్యి ఆగింది. అంతసేపటిలో మొదటిసారి.

పిల్ల అది చూసింది. చేతిలోవి కింద పెట్టి, మంచం పట్టెమీద కూర్చుని తల్లి బుగ్గ తుడిచింది.

"నీళ్లు తాగిందా టీచర్?"

"లేదమ్మా."

"పిలిచిందా?"

"పిలిచింది."

ఎన్నిసార్లని అడగలేదు. వేలితో బెల్లు అట్ట నొక్కి చూసింది. చప్పుడు లేదు. కొత్త సెల్లు పొద్దున తనే వేసి వెళ్లింది. అది అయిపోవాలంటే ఎంతసేపు మోగి ఉండాలో ఆ పిల్లకి తెలుసు, అది నేను నేర్పిన పాఠమే. ముఖంలో ఉన్న వెలుగు ఒక్కసారిగా పోలేదు. కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది.

"ఇక్కడే ఉన్నానమ్మా" అంది తల్లితో.

"నువ్వు పాసవుతావు" అన్నాను నేను. "పై క్లాసులో ఇంకా పెద్ద మోటార్లు ఉంటాయి. ఏదో ఒకటి చేద్దాం. పెద్దసారుతో నేను మళ్లీ..."

"టీచర్, మీ దగ్గర సెల్లుంటే ఒకటి ఇస్తారా?" అంది. "నేను వంటింట్లో ఉన్నా, వెనక బట్టలు ఆరేస్తున్నా వినపడాలి. ఇంట్లోనే ఉంటాగా, వెంటనే రావొచ్చు."

"మరి స్కూలు?"

చెయ్యి చాపి ఉంచింది. కోపం లేదు, ఏడుపు లేదు, నన్ను ఇంకా ఇబ్బంది పెట్టకూడదన్న మర్యాద మాత్రం ఉంది. సంచిలోంచి సెల్లు తీసి ఇచ్చాను. బల్లపరుపు వైపు స్ప్రింగుకి ఆనేలా, చూడకుండానే వేసేసింది. అట్ట తెచ్చి తల్లి వేళ్ల కింద పెట్టింది. ఆమె నొక్కింది. గదంతా అదిరేలా మోగింది. ఆ తల్లి ముఖంలో కదిలే సగం నవ్వింది.

"చూశారా టీచర్, ఎంత బాగా మోగుతోందో" అంది పిల్ల.

"బాగా చేశావమ్మా" అన్నాను.